చిత్రకళా ప్రదర్శనలకు అయిదింటికే తాళం ఎందుకు?

సంపాదకుడు గారికి,

రాజమహేంద్రవరంలో అరబ్బుల మండీ బిర్యానీ, కొరియన్ నూడుల్స్, పాస్తా అన్నీ దొరుకుతున్నాయని గత వారం జిల్లా పేజీలో రాశారు. ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు. ఆ హోటళ్లు రావడం నాకూ సంతోషమే. వాటి కోసం పిల్లలు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. రావులపాలెం, కొవ్వూరు, కడియం నుంచి కూడా కుటుంబాలతో వస్తున్నారు. కానీ చివర్లో చిత్రకళా ప్రదర్శనల ఊసు ఒక్క వాక్యంతో తేల్చేశారు. నా బాధంతా అక్కడే.

ఇది చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఊరు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయనలోని చిత్రకారుణ్ణి గుర్తించారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకొని కూడా రామారావు గారు అక్కడే ఉండిపోలేదు. తిరిగొచ్చి ఇక్కడి కుర్రాళ్లకు బొమ్మలు నేర్పారు. 1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ తర్వాత ఆయన పెట్టిన చిత్రకళ బడిని వరదా వెంకటరత్నం గారు నిలబెట్టారు. గోదావరి గట్టున దామెర్ల వారి పేరుతో ఉన్న గ్యాలరీలో రామారావు గారి బొమ్మలు ఇప్పటికీ చూడవచ్చు. తెలుగువాళ్ల ఆధునిక చిత్రకళ మొదలైన చోట్లలో ఇదొకటి.

అలాంటి ఊళ్లో ఈమధ్య కొందరు డ్రాయింగ్ టీచర్లు ఒక ప్రభుత్వ హాలు అద్దెకు తీసుకొని ప్రదర్శన పెట్టారు. గోడలకు మేకులు కొట్టకూడదన్నారు, పటాలు కుర్చీల మీద ఆనించారు. ముఖ్య అతిథి కోసం గంటల తరబడి కూర్చున్నారు. ఆయన వచ్చి జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని, ఒక్క బొమ్మ ముందైనా ఆగకుండా వెళ్లిపోయారు. స్వాగతం ఫ్లెక్సీ వెనక రెండు పటాలు పూర్తిగా దాగిపోయాయి. సాయంత్రం అయిదు కాగానే వాచ్‌మన్ లైట్లు తీసేశాడు. ఆదివారం సెలవన్నారు. ఉద్యోగం చేసేవాడు, బడికెళ్లే పిల్ల, కొట్టు కట్టేసి వచ్చే మనిషి ఎప్పుడు చూడాలి? హోటళ్లు రాత్రి పదకొండు దాకా కిటకిటలాడతాయి. ఆ జనమే తినబోయే ముందు అరగంట బొమ్మలు చూడరా? తప్పకుండా చూస్తారు. తలుపులు తీసి ఉంచాలి, అంతే.

అధికారులకు కళ అంటే గోడలకు రంగులు వేయించడమే. ఆ గోడల మీద బొమ్మలు ఆరకముందే పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు వెలుస్తాయి, తీయించే నాథుడు ఉండడు. బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారి ఖాతాలోకి పోయింది. డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోతుంది. ముప్పై ఏళ్లు ఆ పని చేసినవాణ్ణి, నాకు ఇది కడుపుకోత.

2027 పుష్కరాలకు ఘాట్లు, రోడ్లు బాగుచేస్తామంటున్నారు. ఆ డబ్బులోంచి ఒక హాలుకు మంచి లైట్లు, పటాలు వేలాడదీసే కమ్మీలు పెట్టించండి. రాత్రి తొమ్మిది దాకా, ఆదివారాలు కూడా తెరిచి ఉంచండి. కళాకారుల దగ్గర అద్దె తీసుకోకండి. హోటళ్ల యజమానులకూ ఒక మనవి: గోడల నిండా ఈఫిల్ టవర్ స్టిక్కర్లు అతికించే బదులు, మన కోనసీమ కుర్రాళ్లు వేసిన బొమ్మలు ధర రాసి పెట్టండి. నచ్చినవాళ్లు కొనుక్కుంటారు. మీరు కూడా తిండి కథనానికి ఇచ్చినంత చోటు ఆ వారం జరిగే ప్రదర్శనకు ఇవ్వాలి. ఎక్కడ, ఎన్ని గంటల వరకో ముందురోజే వేస్తే జనం వస్తారు.

— విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, ధవళేశ్వరం