వాన మీదకి నెట్టేసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను

నమస్కారం అండీ.

ఈ వానాకాలంలో నెట్ పోయిందని మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను చెప్పింది ఒకటే: "వాన పడుతోంది కదండీ, తగ్గాక అదే వచ్చేస్తుంది." చాలాసార్లు నిజంగానే వచ్చేది కూడా. అందుకే ఆ మాట నేనే నమ్మేశాను.

నా కళ్లు తెరిపించింది మలికిపురం వైపు ఉండే ఒక పెద్దావిడ. "బాబూ, మీ వైర్లోంచి నీళ్లు కారుతున్నాయి, బల్ల తడిసిపోతోంది" అని ఫోన్ చేశారు. వైర్లోంచి నీళ్లేమిటి, కిటికీలోంచి జల్లు కొట్టి ఉంటుందిలే అనుకుని రెండు రోజులు వెళ్లలేదు. తీరా వెళ్లి చూస్తే కిటికీ మూసే ఉంది. మేడ మీద, టవరు నుంచి నెట్ సిగ్నల్ అందుకునే డిష్ (రేడియో అందులోనే ఉంటుంది) దగ్గర వైరు తొక్క పగిలిపోయి, అందులో దూరిన నీరు వైరు లోపలినుంచే గదిలోకి దిగింది. ఎడాప్టర్ దగ్గర జాక్‌లోంచి చుక్కచుక్కగా బల్ల మీద పడుతోంది. ఆవిడకి క్షమాపణ చెప్పి, ఆ వారమే నేనూ మా కుర్రాడూ మరో పదకొండు ఇళ్ల మేడలెక్కాం. ఏడిళ్లలో జాక్ పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. డిష్‌లు మాత్రం పదకొండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి.

అంటే పాడైంది రేడియో కాదు, దానికి కరెంటూ డేటా రెండూ మోసుకెళ్లే వైరూ, దాని కొసన ఉన్న ఆ చిన్న ప్లాస్టిక్ జాకూ. ఆ వైర్లో ఎప్పుడూ 24 వోల్టుల డీసీ పారుతుంటుంది. తడి తగిలిన చోట డీసీ ఉంటే రాగిని చిలుం మామూలు కంటే చాలా తొందరగా తినేస్తుంది. అంతర్వేది వైపైతే ఉప్పుగాలి కూడా తోడు. వాన వెలిసి ఎండ కాస్తే జాక్ ఆరుతుంది, నెట్ వస్తుంది. "చూశారా, వాన తగ్గాక వచ్చేసింది" అని నేను అనడం. లోపల పిన్ను మాత్రం ప్రతి వానకీ ఇంకాస్త అరుగుతూనే ఉంది.

నిజానికి మనం వాడే 5 గిగాహెర్ట్జ్ రేడియోకి వాన చినుకులు పెద్ద లెక్కలోవి కావు. గంటకు 30 మిల్లీమీటర్ల జోరున పడినా టవరుకీ డిష్‌కీ మధ్య మన ఆరు కిలోమీటర్ల లింకులో తగ్గే సిగ్నల్ సుమారు ఒక డెసిబెల్ (సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత), అంటే చాలా తక్కువ. అంతకంటే ఎక్కువ తట్టుకునేలాగే డిష్ బిగిస్తాం. 60 గిగాహెర్ట్జ్ రేడియోలైతే వేరే సంగతి, ఆ వానకి కిలోమీటరుకే పది డెసిబెల్స్ పైన పోతాయి. అవి మన దగ్గర లేవు.

ఇక నా తప్పు. రెండేళ్ల కిందట కనెక్షన్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఇంటి లోపల వాడే బూడిద రంగు వైరు తెచ్చి మేడల మీద లాగేశాను. రెండు ఎండాకాలాలకే దాని తొక్క పెళుసెక్కింది. పైగా అది పూర్తి రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. పెట్టె మీద రాసే ఉంది, చూడలేదని అబద్ధం చెప్పను. అల్యూమినియం తీగకి రెసిస్టెన్స్ ఎక్కువ, పొడవు పెరిగేకొద్దీ కొసన వోల్టేజీ పడిపోతుంది. కొందరిళ్లలో రాత్రిపూట అందరూ వాడే టైముకి డిష్ దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతోందంటే కారణం అదే. ఆ ఇళ్లకి వెళ్లి నేను రౌటర్ మార్చుకోమన్నాను. ఇద్దరు మార్చారు కూడా. ఆ ఇద్దరికీ రౌటర్ డబ్బులు నేను తిరిగి ఇస్తున్నాను.

కొబ్బరి చెట్ల సంగతీ చెప్పాలి. కోనసీమలో ఇది తప్పించుకోలేం. డిష్ బిగించిన రోజు టవరు కనిపించింది కదా అంటే చాలదండీ. ఆరు కిలోమీటర్ల లింకుకి నడిమధ్యలో, ఆ చూపు గీత చుట్టూ కనీసం ఐదు మీటర్లు ఖాళీ ఉండాలి. చెట్టు ఏటా పెరుగుతుంది, తడిసిన మట్టలు సిగ్నల్‌ని ఇంకా మింగేస్తాయి. వానలో నిజంగా సిగ్నలే తగ్గే ఇళ్లు నాలుగైదు ఉన్నాయి, అక్కడ కారణం ఇదే. ఎవరి చెట్టూ కొట్టమని అడగను. డిష్ బిగించిన పైపు పొడవు పెంచుతాం, కుదరకపోతే ఇంకో టవరు వైపు తిప్పుతాం.

పిడుగుల విషయంలో మాత్రం గ్యారంటీ ఇవ్వలేను. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగు మీ మేడ మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా పొడవాటి వైర్లో వోల్టేజీ పుట్టి ముందు ఆ వైరు గుచ్చే ల్యాన్ పోర్టు పోతుంది. లైట్లు వెలుగుతుంటాయి, నెట్ ఉండదు. షీల్డ్ (లోపల లోహపు పొర) ఉన్న వైరు, సరైన ఎర్తింగ్, ఎక్కువైన వోల్టేజీని భూమిలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ పెడితే ఇలాంటివి చాలావరకు ఆగుతాయి. నేరుగా పడితే ఏదీ ఆగదు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే ఎడాప్టర్ ప్లగ్గుతో పాటు రౌటర్లోకి వెళ్లే ల్యాన్ వైరు కూడా తీసేయండి. ఒక్క ప్లగ్గు తీస్తే సగం పనే.

ఇప్పుడు అందరిళ్లలో నల్ల తొక్క ఉన్న అవుట్‌డోర్ వైరు వేస్తున్నాం. పూర్తి రాగిది, షీల్డ్ ఉన్నది. ఈసారి ఒక ముక్క కోసి, కత్తితో గీకి చూసే తెచ్చాను. డిష్ కింద వైరుని కాస్త వంకీలా వదులుతాం, నీరు జాక్ వైపు పోకుండా ఆ వంపులోంచే కిందికి కారిపోతుంది. జాక్ చుట్టూ వాటర్‌ప్రూఫ్ టేపు. చీమలు గూడు పెట్టిన డిష్‌లు మూడు దొరికాయి, వాటి రంధ్రాలు కూడా మూసేస్తున్నాం. వైరుకి గానీ పనికి గానీ మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. మా కుర్రాడు అడిగితే నాకు ఫోన్ చేయండి (అడగడు, వాడికి ముందే చెప్పాను).

ఈ వానాకాలంలో మూడు రోజులకి మించి నెట్ లేనివాళ్లకి అన్ని రోజులూ వచ్చే నెల బిల్లులో తగ్గిస్తాను. మీరు రాసిపెట్టుకున్న లెక్కకీ నా ఫోన్లో ఉన్న లెక్కకీ తేడా వస్తే మీ లెక్కే తీసుకుంటాను.

ముందు అంతర్వేది వైపు, తర్వాత మలికిపురం, చివరికి రాజోలు చుట్టుపక్కల. ఇద్దరమే ఉన్నాం, రోజుకి నాలుగైదు ఇళ్లకంటే కావు. వాన పడుతున్నప్పుడు తడి మేడల మీద నిచ్చెన వేయం, ఆ రోజు పని ఆపేస్తాం. అప్పుడు "వాన పడుతోంది కదండీ" అంటే మాత్రం ఈసారికి నమ్మండి.