75 రోజులుగా నాకు జవాబు చెప్పే మనిషే లేడా?

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: స్కీ బ్యాగు కింది లూప్ (స్కీల కొసలు దూర్చే పట్టీ) ఊడిపోవడం, అంతకు మించి మీ విభాగం నా పట్ల ప్రవర్తించిన తీరు గురించి.

నమస్కారం.

ఇది నేను మీకు రాస్తున్న తొమ్మిదో ఉత్తరం. మొదటిదాన్ని ఎంతో మర్యాదగా, ఫొటోలు జతచేసి, నాలుగే వాక్యాల్లో రాశాను. ఆ నాలుగు వాక్యాలను మీ దగ్గర ఒక్కరైనా చివరిదాకా చదివి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఈసారి క్లుప్తంగా రాయను. జనవరి 11 నుంచి ఈ రోజు, మార్చి 27 వరకు నన్ను ఎలా తిప్పారో మొత్తం రాస్తాను. దయచేసి ఈ ఉత్తరాన్ని మళ్లీ ఆ ఫోను ఎత్తే వారికే పంపకండి.

ముందుగా ఒక మాట. లూప్ ఊడినందుకు నాకు కోపం లేదు. కుట్టు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది. 11 ఏళ్లుగా మీ బ్యాగులే మోస్తున్నాను కాబట్టి ఆ మాత్రం అర్థం చేసుకోగలను. నా మొదటి బ్యాగు జిప్పు నాలుగో ఏట పాడైతే అప్పట్లో మీ వాళ్లు వారం తిరక్కుండా కొత్త రన్నర్ పోస్టులో పంపారు. దానితో పాటు చేతిరాతతో ఒక చిన్న చీటీ. 'ఇది ఎక్కించాక పళ్లకు రెండు వైపులా కొవ్వొత్తి రుద్దండి, చలిలో బిగుసుకోదు' అని. ఆ చీటీ ఇప్పటికీ ఆ పాత బ్యాగు లోపలి అరలోనే ఉంది. ఆ చీటీ రాసిన మనిషిని నమ్మే ఈసారీ మీ దగ్గరే కొన్నాను.

అదీ తొందరపడి కొనలేదు. మూడు వారాలు ఆలోచించాను. రిసార్టులో స్కీయింగ్ చేసే రోజు బ్యాగు చిన్నదిగా, ఒంటికి అంటుకుని ఉండాలి. కొండపైకి తీసుకెళ్లే వేలాడే కుర్చీ, అదే ఛైర్‌లిఫ్ట్, ఎక్కే ముందు బ్యాగును తీసి ఒళ్లో పెట్టుకోవాలి. వేలాడే పట్టీ ఒక్కటి కుర్చీకి చిక్కుకున్నా దిగాల్సిన చోట మనిషి దిగలేడు, కుర్చీ లాక్కుపోతుంది. సొంత కాళ్లతో కొండెక్కి దిగే స్కీ టూరింగ్ రోజు మాత్రం అదే బ్యాగులో పార, ప్రోబ్ (మంచులో గుచ్చి కూరుకుపోయిన మనిషిని వెతికే పొడవాటి కడ్డీ), స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు), ఒక వెచ్చని కోటు, నీళ్లు, తినడానికి కాస్త ఏదైనా పట్టాలి. పార, ప్రోబ్‌లకు విడిగా ఒక అర ఉండి తీరాలి. మంచు చరియల కింద కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పావుగంట దాటేసరికి బాగా తగ్గిపోతుంది. ఆ సమయంలో కోటు కిందో స్కిన్ల మధ్యో పార కోసం తడుముకునేవాడు తోటివాణ్ని కాపాడలేడు.

ఈ రెండు పనులకూ ఒకే సంచి సరిపోతుందా, 22 లీటర్లు చాలా, 30 తీసుకోవాలా అని నవంబరులో మిమ్మల్నే అడిగాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది. లిఫ్టు పైనుంచి మొదలుపెట్టే ఒక పూట టూరింగ్‌కు 22 చాలు, ఎముకలు కొరికే చలిలో రోజంతా తిరగాలంటే 30 తీసుకోండి, స్కీలను ఏటవాలుగా కట్టుకునే ఏర్పాటు రెండింటిలోనూ గట్టిదే అని రాశారు. ఎంత చక్కటి జవాబు! రాసినవారికి కొండ తెలుసు. కొనకముందు రెండు గంటల్లో దొరికిన ఆ మనిషి, కొన్నాక 75 రోజులైనా ఎందుకు దొరకరు?

జరిగింది ఇది. ఏడో ప్రయాణంలో, స్కీల మీద ఎక్కలేనంత నిటారుగా ఉన్న ఒక ఇరుకు చోట స్కీలు విప్పి, రెంటినీ జతగా కట్టి, వెనక కొసలను బ్యాగు కింది లూప్‌లో దూర్చి, పై పట్టీ భుజం దగ్గర బిగించి నడుస్తున్నాను. లూప్ కుట్టు ఒక్కసారిగా వదిలేసింది. స్కీల జత పై పట్టీ మీద ఊగి నా మోకాలి వెనక కొట్టింది. నా వెనక నాలుగు అడుగుల దిగువన మిత్రుడు ఉన్నాడు. అతను చేయి చాచి పట్టుకోకపోతే ఏమయ్యేదో ఇక్కడ రాయను. అతని దగ్గరున్న రబ్బరు పట్టీతో వాటిని బ్యాగు పక్క పట్టీకి కట్టుకుని దిగి వచ్చాం. రెండు రోజుల తర్వాత మీకు రాశాను.

48 గంటల్లో స్పందిస్తామని వెంటనే ఒక యాంత్రిక సందేశం వచ్చింది. తొమ్మిది రోజులకు నిజమైన జవాబు వచ్చింది. బిల్లు, మోడల్ సంఖ్య పంపమన్నారు. ఆ రెండూ నా మొదటి ఉత్తరంలోనే ఉన్నాయి. మళ్లీ పంపాను. ఆరు రోజుల తర్వాత ఫొటోలు స్పష్టంగా లేవన్నారు. కిటికీ దగ్గర వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి, ఊడిన దారం పోగులు ఒక్కొక్కటీ కనిపించేలా మళ్లీ తీసి పంపాను. వాటికి జవాబే లేదు.

జనవరి 30న ఫోను చేశాను. 50 నిమిషాలు సంగీతం విన్నాక ఒకాయన ఎత్తారు. చెప్పిందంతా విని, "బ్యాగులో ఎన్ని అంగుళాల ల్యాప్‌టాప్ పెట్టేవారు?" అని అడిగారు. ల్యాప్‌టాప్ ఎప్పుడూ పెట్టలేదు, ఇది స్కీ బ్యాగు అన్నాను. ఆ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకు పోదన్నారు. నేను మళ్లీ లేదన్నాను. "సరే, 15 అని వేస్తున్నాను" అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఏమీ కాదు, లాంఛనమే అన్నారు.

లాంఛనం కాదని ఫిబ్రవరి 6న తెలిసింది. ఆ రోజు మాట్లాడినావిడ నా ఫైలు తెరిచి, "మీరు 15 అంగుళాల ల్యాప్‌టాప్ మోయడం వల్ల బరువు ఎక్కువై కుట్టు ఊడింది, అది వారంటీ కిందకు రాదు" అని చదివి వినిపించారు. నా నోట రాని మాట నా మీదే సాక్ష్యమైంది! సరిదిద్దమని అడిగితే, ఒకసారి నమోదైనదాన్ని మార్చే అధికారం తనకు లేదన్నారు. ఎవరికుంది అంటే తెలియదన్నారు. ఆవిడ స్వరంలో దురుసుతనం లేదు, అయ్యో అన్న ధ్వని కూడా లేదు. నన్ను ఒక గడిలో నుంచి మరో గడిలోకి జరుపుతున్నట్టు మాట్లాడారు.

ఫిబ్రవరి 12న మూడో వ్యక్తి ఉత్తరం రాశారు. ఈసారి కారణం మారింది. స్కీ అంచులు తగిలి లూప్ పాడైందట, అది 'సరికాని వాడకం' అట. ఈ వాక్యాన్ని మీరు దయచేసి రెండుసార్లు చదవండి. స్కీకి రెండు పక్కలా ఉక్కు అంచులుంటాయి. ఆ లూప్ ఉన్నదే స్కీ కొసలు దూర్చడానికి. అంచు తగలకుండా స్కీని అందులో ఎలా దూర్చాలో మీ సంస్థలో ఎవరైనా నా ఎదుట చేసి చూపించగలరా? పైగా నా బ్యాగులో పట్టీకి ఎక్కడా కోత లేదు, ఒక్క గీత కూడా లేదు. పట్టీని బ్యాగుకు కలిపే చోట దారం మాత్రమే ఊడింది. నేను పంపిన ఫొటోల్లో అది పసిపిల్లలకైనా కనిపిస్తుంది. చూస్తేనే కదా!

ఇదే రాస్తే, పరీక్షించాలి, బ్యాగు పంపమన్నారు. ఫిబ్రవరి 14న నా ఖర్చుతోనే పంపాను. అప్పటికే నాకు అనుమానం మొదలైంది. అందుకే ఊడిన చోట చిన్న అట్టముక్క చుట్టి, దాని మీద 'లోపం ఇక్కడ ఉంది, విప్పి చూడండి' అని రాసి, ఎర్ర దారంతో మూడు ముళ్లు వేశాను. ఆ ముళ్లు విప్పకుండా, దారం తెంపకుండా కుట్టును చూడటం ఎవరి వల్లా కాదు.

23 రోజుల తర్వాత, మార్చి 9న బ్యాగు తిరిగొచ్చింది. పైన ఒక అచ్చు కాగితం. 'మా నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు. తయారీ లోపం లేదు.' పెట్టె తెరిచి బ్యాగు తిప్పి చూశాను. అట్ట అలాగే ఉంది. ఎర్ర దారం అలాగే ఉంది. మూడు ముళ్లూ నేను వేసిన వరుసలోనే ఉన్నాయి. ఆ అట్ట అంచు కూడా నలగలేదు.

నా కోపమంతా ఇక్కడే ఉంది. లోపం లేదని మీరు నిజంగా చూసి చెప్పి ఉంటే వాదించేవాణ్ని, ఓడిపోతే ఒప్పుకునేవాణ్ని. చూడకుండానే చూశామని రాసి పంపారు. మంచు కొండల్లో మనుషులు ప్రాణాలు నమ్మి వీపున కట్టుకునే వస్తువు తయారు చేసే సంస్థ, చూడనిదాన్ని చూశామని ఎలా రాస్తుంది?

మార్చి 12న ఫోను చేసి ముళ్ల సంగతి చెప్పాను. అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఫైలు మూసేశాం, పై అధికారి 17న ఉదయం మీకు ఫోను చేస్తారు అన్నారు. 17న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. 21న మాత్రం ఒక సందేశం వచ్చింది. తదుపరి కొనుగోలుపై 15 శాతం తగ్గింపు, నా విధేయతకు కృతజ్ఞతగా అని. నా విధేయతకు మీరు కట్టిన విలువ అదా? నేను ఒక్కణ్నే కాదు, నాతో కొండెక్కే మరో ఆరుగురు నా మాట మీదే మీ బ్యాగులు కొన్నారు. ఈ శీతకాలం వాళ్లలో ఇద్దరు కొత్తవి కొనబోతూ నన్ను అడిగారు. మొదటిసారి నా నోట మీ పేరు రాలేదు.

లూప్‌కు ఒక పది కుట్లు వేయించడం నాకు పెద్ద పని కాదు. చెప్పులు కుట్టే మనిషి దగ్గరకు వెళ్లినా అరగంటలో అయిపోతుంది. కానీ ఆ పని నేను చేయించను. బ్యాగు మార్చి ఇస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీరే తేల్చుకోండి. దానికంటే ముందు నా ఫైలులో ఉన్న ఆ ల్యాప్‌టాప్ అబద్ధాన్ని తొలగించాలి. పరిశీలించామని సంతకం చేసినవారు పరిశీలించలేదని నాకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నాకు జవాబు రాసే వ్యక్తి జీవితంలో ఒక్కసారైనా బ్యాగుకు స్కీలు కట్టుకుని నడిచినవారై ఉండాలి. ఏప్రిల్ 10 లోగా ఇవేవీ జరగకపోతే ఈ తొమ్మిది ఉత్తరాలు, మీ జవాబులు, ఫోను చేసిన తేదీలు, బ్యాగు అన్నీ తీసుకుని వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. ఎంత కాలం పట్టినా, ఎంత ఖర్చయినా వెనక్కి తగ్గను. మంచులో గంటకు మూడు వందల మీటర్ల ఎత్తు ఓపికగా ఎక్కడం అలవాటైన మనిషిని నేను.

బ్యాగును మాత్రం మళ్లీ పోస్టులో పంపను. చూడాలనుకుంటే మీ మనిషిని పంపండి. మార్చి 9న పెట్టెలో నుంచి తీసినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆ మూడు ముళ్లు నేను విప్పలేదు. మీ వాళ్లే నా కళ్ల ముందు విప్పాలి.

ఇట్లు,
11 ఏళ్లుగా మీ బ్యాగులే మోసిన వినియోగదారుడు