జవాబు చెప్పరు, ముద్ర వేస్తారు

ఎడిటర్ గారికి నమస్కారం. రాజకీయం, మతం మీద వాదనల వల్ల పాత స్నేహాలు కూడా పోతున్నాయండి, నాతోనే ఇద్దరు ఫ్రెండ్స్ మాట్లాడటం మానేశారు, చాలా బాధగా ఉంది. ఒక పాయింట్ అడిగితే దానికి జవాబు ఉండదు, "మరి అప్పుడు మీవాళ్లు చేసిందేంటి" అని ఇంకోటి ఎత్తుకుంటారు, దానికీ జవాబిస్తే నువ్వు ఫలానా పార్టీ మనిషివి అని ముద్ర వేసేస్తారు, ఇక అసలు విషయం గాలికి పోతుంది. 1960లో పీటర్ వాసన్ అనే సైకాలజిస్ట్ 2, 4, 6 అంకెలిచ్చి వాటి వెనకున్న రూల్ కనిపెట్టమంటే, చాలామంది తమ ఊహకి సరిపోయే అంకెలే చెప్పి చూసుకున్నారు గానీ అది తప్పేమో అని చెక్ చేసుకోలేదు. అంకెల దగ్గరే అలా ఉంటే నమ్మకాల సంగతేంటి? మీ పేపర్లో ఒకే విషయం మీద రెండు వైపులవాళ్లూ ఆధారాలతో రాసేలా వారానికోసారి కొంచెం చోటివ్వండి ప్లీజ్.

- మీ పాఠకుడు