మా ఆర్గన్ గురక మాన్పిన కావలి మామకు కృతజ్ఞతలు

నిన్న ఆదివారం ఆరాధనకు ముందు ఆర్గన్ స్విచ్ వేశాను. చప్పుడే లేదు. కరెంటు పోయిందేమోనని వెనక బెంచీలో ఒకాయన తలెత్తి ఫ్యాను వంక చూశాడు. ఆ గుయ్‌మనే మోత మాకు అంత అలవాటైపోయింది మరి.

ఒంగోలు పక్క మా ఊరి చర్చిలో ఉన్నది 1970ల నాటి జపాన్ ఆర్గన్. రెండు వరసల మెట్లు, కింద పెడళ్లు. వంద వోల్టులది కనక పక్కన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె. పోయిన నెల నెట్‌లో వీడియో చూసి నేనే ఒక కండెన్సర్ (కరెంటును కాసేపు దాచే చిన్న డబ్బీ) మార్చాను, ప్లస్సూ మైనస్సూ తిరగేసి. టప్‌మని పేలి ఒకటే కంపు. చర్చి ఊడ్చే పెద్దమ్మ "ఎండుచేపలు ఎవురు తెచ్చార్రా ఈడికి" అంటూ బెంచీల కింద వెతికింది.

అప్పుడొచ్చాడు మామ, కావలి ఊరి నుంచి. రిటైరైన రేడియో మెకానిక్. పేరు రాయొద్దన్నాడు. వచ్చీరాగానే సోల్డరింగ్ ఐరన్ తీయలేదు. ముందు ఊరికే విన్నాడు. "వాల్యూమ్ పెడల్ తగ్గించినా మోత తగ్గలా సూడు. జబ్బు పవర్ సప్లైలో ఉండాది." మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు (ఊపులు), దాన్ని ఒకే దిక్కుకు తిప్పే డయోడ్లు దాటేసరికి 100 అవుతుందట. ఆ ఎగుడుదిగుడును సాపు చేయాల్సిన కండెన్సర్లలో రసం ఎండిపోయింది. 1000 మైక్రోఫారడ్ అని రాసున్నది మీటర్లో మూడొందలు కూడా చూపించలేదు.

అన్నీ మార్చేద్దామన్నాను. సంచీ నిండా తెప్పించి పెట్టుకున్నాను కూడా. "చప్పటి పచ్చ కండెన్సర్లను ముట్టుకోబాక. శృతి నిలబెట్టేది అవే. బాగున్నదాన్ని బాగుచేసేదేంది?" అన్నాడు. రసం ఉండే రకం, ఎలక్ట్రోలిటిక్‌లు, పదకొండే మార్చాం. అదే కెపాసిటీ, వోల్టేజి మాత్రం కాస్త ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం. ఒకటి ఊడదీశాక దాని చోట్లో కొత్తది పెట్టి, మైనస్ గీత ఇద్దరం చూసుకున్నాకే రెండోదాని జోలికి. నాలుగోదాని దగ్గర నా చేతిలో బోర్డు మీది రాగి గీత లేచిపోయింది. మామ తిట్టలేదు. సన్న తీగ ముక్క అతికించి, "అంతసేపు ఆనిస్తే దోసె కూడా మాడుద్ది" అన్నాడు.

స్విచ్ వేసే ముందు వంద వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టాడు. ఒక్కసారి మెరిసి మందగించింది. ఎక్కడైనా షార్టుంటే అట్టాగే వెలుగుతూ ఉండేదట.

టీ తాగుతూ, 1935లో అమెరికాలో వచ్చిన హామండ్ ఆర్గన్ల సంగతి చెప్పాడు. వాటి మోటారు కరెంటు సైకిళ్లను బట్టి తిరుగుతుంది. అక్కడి 60 సైకిళ్లదాన్ని మన 50 మీద పెడితే శృతి, నల్ల మెట్లతో కలిపి లెక్కేస్తే, సుమారు మూడు మెట్లు దిగుతుంది. మాది ఆ రకం కాకపోవడం మా అదృష్టం.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో సామాను కొని పినాకిని రైల్లో మోసుకొచ్చిన తమ్ముడికి, మీటర్ ఇచ్చిన ఒంగోలు టీవీ షాపు అన్నకు కూడా వందనాలు. మామ మాత్రం రైలు టికెట్టు డబ్బులకు మించి తీసుకోలేదు.

పెడళ్ల కాంటాక్టులు ఇంకా గరగరమంటున్నాయి. సంక్రాంతి పోయాక వస్తానన్నాడు. రా మామా, ఈసారి ఐరన్ నేను పట్టుకోనులే.