దద్దుర్లు వస్తే ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ మూర్ఛ దినోత్సవం పేరిట నవంబరు 17న మీరు ఆరోగ్యం పేజీలో వేసిన కథనం కాస్త ఆలస్యంగా చదివాను. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టవద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని రాశారు. మంచిదే, ఏటా రాస్తున్నదే. ‘మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు’ అన్న మాటను మాత్రం ప్రత్యేకంగా పెట్టె కట్టి వేశారు. ఆ మాత్రలే ఒంటికి పడకపోతే ఏం చేయాలో పేజీ మొత్తం వెతికినా ఒక్క ముక్క లేదు.

మా మేనకోడలి ఇంట్లో ఈ మాటనే వేదవాక్కుగా పట్టుకున్నారు. కార్బమజెపైన్ అనే ఫిట్స్ మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఆ పిల్లకు జ్వరం వచ్చింది, ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఇరుగుపొరుగు చూసి అమ్మవారు పోసిందన్నారు. మంచానికి వేపమండలు కట్టారు. మందుల షాపు కుర్రాడు వేడి చేసి ఉంటుందని తేల్చి సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర చేతిలో పెట్టాడు. ఇంకేం మందులు వాడుతున్నారని అడగలేదు. ఫిట్స్ మాత్ర మాత్రం పూట తప్పకుండా పడుతూనే ఉంది, ఆపకూడదు కదా! పెదవులు పుండ్లై గుక్కెడు నీళ్ళు దిగక, కనురెప్పలు అంటుకుపోయాక గానీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళలేదు. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, అంటే మందు పడక చర్మం, నోరు, కళ్ళు దెబ్బతినే జబ్బు అన్నారు. దుప్పటి మార్చబోతే వీపు మీది చర్మం దానితో పాటే పొరలుగా లేచివచ్చింది. ప్రాణం దక్కింది. కళ్ళలో తడి ఆరిపోయి ఇప్పటికీ చుక్కల మందు వేసుకుంటోంది.

ఆ మందు చెడ్డదని నేననడం లేదు. వాడేవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు, ఇంతదాకా ముదరడం చాలా అరుదు. తమంతట తాము మాత్రలు ఆపేస్తే ఫిట్స్ విరుచుకుపడతాయన్నదీ నిజమే. అందుకే అడుగుతున్నాను: ‘మొదటి రెండు నెలల్లో దద్దుర్లు వస్తే, వాటికి జ్వరం, నోటిపూత, కళ్ళ ఎరుపు తోడైతే ఆ పూటే డాక్టరును కలవండి, మందు మార్చేది ఆయన చూసుకుంటారు’ అని చెప్పడానికి డాక్టరుకు ఎంతసేపు పడుతుంది? మీ పెట్టెలో మరో రెండు లైన్లు పట్టేవి కావా?

మందు ఇలా పడకపోవడం వెనక జన్యువు ఉందని తైవాన్ పరిశోధకులు 2004లోనే చెప్పారు. ఆసియా మూలాలున్నవారికి కార్బమజెపైన్ ఇచ్చే ముందు ఆ జన్యువు ఉందో లేదో తేల్చే హెచ్‌ఎల్‌ఏ-బి 1502 పరీక్ష చేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో సూచించింది. మనం ఆసియాలో ఉన్నామో లేదో నాకిప్పుడు అనుమానంగా ఉంది, ఎందుకంటే ఆ పరీక్ష ఊసే మాకెవరూ ఎత్తలేదు. ఖర్చు భరించలేమనుకున్నారేమో, ఆ మాటైనా అడగాలి కదా. పైగా కొంతకాలానికి ఫిట్స్ తిరగబెడితే ఇంకో క్లినిక్కులో ఫెనిటాయిన్ అనే మరో ఫిట్స్ మందు రాశారు! కార్బమజెపైన్ పడనివారికి ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ కూడా పడకపోవచ్చని చర్మవ్యాధుల డాక్టరమ్మ చీటీ వెనక పెన్నుతో రాసిచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ చీటీని మా అక్క ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచింది. ఇంత పెద్ద వ్యవస్థలో మా పిల్లకున్న రక్షణ ఆ కవరొక్కటే.

మందుల షాపుల సంగతి సరేసరి. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మనిషి మాత్రం కనిపించడు. పది మాత్రల పట్టీని కత్తెరతో ఆరుకు కత్తిరిస్తే మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. డబ్బాలో కంపెనీ పెట్టిన కాగితం చెత్తబుట్టలోకి వెళుతుంది. ఒకవేళ చేతికొచ్చినా చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక వేయించిన ప్రభుత్వానికి ఫిట్స్ మాత్రల మీద ఒక్క తెలుగు వాక్యం అచ్చువేయించడం చేతకాదా? ఫిట్స్ ఉందని తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావని పక్క ఊరికి వెళ్ళి మందులు కొనుక్కునే ఇళ్ళు మనకు బోలెడు. వాళ్ళు షాపులో నోరు విప్పి అడగరు. అలాంటివారికి చెప్పేదెవరు?

చెప్పుకోవడానికి ఒక చోటుందని కూడా మాకు తర్వాతే తెలిసింది. మందుల దుష్ప్రభావాలు నమోదు చేయడానికి కేంద్రం 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం పెట్టింది. డాక్టర్లే కాదు, రోగులూ ఫిర్యాదు చేయవచ్చు. తెలుగులో ఫారం కూడా ఉంది. నేను తిరిగిన ఆసుపత్రుల గోడల మీద మంత్రుల ఫోటోలు, పథకాల ఫ్లెక్సీలు ఖాళీ లేకుండా ఉన్నాయి గానీ ఈ ఫారం మాత్రం ఎక్కడా కనబడలేదు. జిల్లా అధికారులకైనా దీని సంగతి తెలుసో లేదో.

వచ్చే వారం ఆరోగ్యం పేజీలో సవరణ వేయండి. దానితో పాటు ఆ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 కూడా వేయండి. ప్లాట్ల ప్రకటనకు ఇచ్చే చోటులో పదో వంతు చాలు.

— ఒక పాఠకుడు, తెనాలి