నాన్నగారికి, గుర్రం బండి లోపలి బిళ్ళల గురించి

ఫార్మింగ్టన్ హిల్స్, మిచిగన్
సెప్టెంబరు 12

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం. కంటి ఆపరేషన్ తరువాత చుక్కల మందు ఆపేశారనీ, పేపరు మళ్ళీ మీరే చదువుకుంటున్నారనీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు కుదుటపడింది. ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పగలిగేవే. అయినా తమ్ముడు అడిగినదానికి జవాబు కాగితం మీద ఉంటే వాడు షాపులో దగ్గర పెట్టుకుంటాడని, మీరు కూడా తీరిగ్గా చదివి తప్పొప్పులు చెబుతారని ఉత్తరమే రాస్తున్నాను.

ఆటోనగర్‌లో మన రేడియం షాపుకు వచ్చే కార్లవాళ్ళు ఇప్పుడు నంబరు ప్లేట్లతోనూ, వెనక అద్దం మీద పిల్లల పేర్లతోనూ ఆగడం లేదట. స్టీరింగు మధ్యలో కంపెనీ గుర్తు మీద రాళ్ళు పొదిగిన బిళ్ళ, డాష్‌బోర్డు మీద ఇత్తడి రంగు అక్షరాలు, డోరు కింద కాలు పెట్టే చోట పేరున్న పట్టీలు, కప్పు పెట్టుకునే గుంతల అడుగున గుండ్రటి రబ్బరు బిళ్ళలు అడుగుతున్నారట. ఇక్కడ వీటన్నిటినీ కలిపి ఇన్సర్టులు అంటారు. ఈ వేసవిలో నేను నా బండికి అలాంటివి వేసుకున్నానని విని, ఏ రకం తెప్పించాలో, ఎలా అతికించాలో వివరంగా రాయమన్నాడు. తప్పకుండా రాస్తాను. అయితే స్టీరింగు మీద వేసే బిళ్ళలు మాత్రం మన షాపులో పెట్టవద్దని ముందే చెబుతున్నాను. ఎంత లాభం వచ్చినా వద్దు. కారణం చదివితే మీరూ అదే మాట అంటారని నా నమ్మకం.

నా బండి సంగతి మీకు తెలిసిందే. 2015 నాటి ఫోర్డ్ మస్టాంగ్, వాడిన బండినే కొన్నాను. ఇది మా ఊరికి దక్షిణాన ఉన్న ఫ్లాట్ రాక్ కర్మాగారంలో తయారైన బండి. ఫోటో చూసి అమ్మ దానికి 'గుర్రం బండి' అని పేరు పెట్టింది. లోపల పక్క సీటుకు ఎదురుగా డాష్‌బోర్డు మీద ఎడమవైపు పరుగెత్తే గుర్రం బొమ్మతో, 1964 నుంచి అనే మాటతో ఒక చిన్న ఫలకం ఉంటుంది. కంపెనీవాళ్ళే వేసినది. దానికి జోడుగా మరికొన్ని గుర్తులు ఉంటే బాగుంటుందని మొదటి నుంచీ నాకు కోరిక.

ఆ కోరికను పెంచింది ఇక్కడి వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు. 1995 నుంచి ప్రతి ఆగస్టులో మూడో శనివారం జరుగుతుంది. మన వైపు రథోత్సవానికి జనం వీధుల వెంట బారులు తీరినట్టు ఇక్కడ రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కిందటేడు అక్కడ ఒక పెద్దాయన తన 1965 మస్టాంగ్ తలుపు తెరిచి లోపల చూడమన్నాడు. సీట్ల వీపు మీద పరుగెత్తుతున్న గుర్రాల గుంపు ఉబ్బెత్తుగా ఉంది. అతికించినవి కావు, సీటు తొడుగులోనే అచ్చు వేసినవి. ఆ ఏడాది ఫోర్డువాళ్ళు అదనపు హంగుగా అమ్మిన ఆ లోపలి అలంకరణను ఇక్కడ అందరూ పోనీ ఇంటీరియర్ అనే పిలుస్తారు, పోనీ అంటే చిన్న గుర్రం. వేలితో తడిమి చూశాను. అంచు ఎక్కడా లేవలేదు, ఎక్కడా పగలలేదు. గుర్తు అంటే ఇలా బండిలో కలిసిపోయి ఉండాలి, పైన తెచ్చి పెట్టినట్టు కనపడకూడదు అని అప్పుడే అనిపించింది.

ఇంటికి వచ్చి నాలుగు గుర్తు బిళ్ళలు తెప్పించాను. పైన గాజులా ఉబ్బిన పూత, కింద బూడిదరంగు నురగ టేపు ఉన్న రకం. మొదటిదాన్ని డోరు లోపలి పలక మీద అతికించాను. అయిదో రోజు అది సీటు కింద దొరికింది. టేపు మీద దుమ్ము లేదు, జిగురూ తగ్గలేదు. పలక మీద మాత్రం చేతికి తగలనంత పలచగా జిడ్డు ఉంది. బండి అమ్మినవాళ్ళు లోపలంతా మెరవడానికి సిలికాన్ ఉన్న పాలిష్ రుద్ది ఇచ్చారు. కంటికి శుభ్రంగా కనిపించింది కాబట్టి నేను పొడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాను.

అప్పుడు మీరు ట్యాంకరు తలుపు మీద రేడియం వేసే ముందు చేతిలో నీళ్ళు తీసుకుని చిలకరించడం గుర్తుకొచ్చింది. నీటి చుక్క ముత్యంలా నిలబడితే జిడ్డు ఉన్నట్టు, పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు అని నాకు పదేళ్ళ వయసులోనే చూపించారు. అదే పరీక్ష ఇక్కడా చేశాను. చుక్క నిలబడింది. గోరువెచ్చటి సబ్బునీళ్ళతో ఒకసారి కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలును సగానికి సగం నీళ్ళు కలిపి, నూగు రాలని గుడ్డతో ఒకే దిశలో రెండుసార్లు తుడిచాను. గుడ్డను అటూ ఇటూ రుద్దితే జిడ్డు అక్కడే తిరుగుతుంది కాబట్టి ప్రతి తుడుపుకూ కొత్త మడత వాడాను. మూడోసారి చుక్క పరుచుకుంది.

ఒక్క విషయంలో మాత్రం మన షాపు పద్ధతి ఇక్కడ పనికిరాదు. పలచటి వినైల్ షీటుకు మనం షాంపూ నీళ్ళు చల్లి, జరిపి, సరిచూసుకుని, తరువాత ప్లాస్టిక్ ముక్కతో నీళ్ళు బయటికి లాగేస్తాం. నురగ టేపు ఉన్న బిళ్ళకు అలా చేస్తే నీళ్ళు లోపలే నిలిచిపోయి టేపు పట్టదు. దాన్ని పొడిగానే, ఒక్కసారే పెట్టాలి, జరిపే అవకాశం ఉండదు. అందుకని ముందు టేపు కాగితం తీయకుండానే బిళ్ళను చోటులో పెట్టి, చుట్టూ మాస్కింగ్ టేపుతో గీత కట్టి, ఒక పక్క అదే టేపుతో తలుపు బందులా నిలిపాను. ఆ తరువాత బిళ్ళను ఆ బందు మీద పైకి ఎత్తి, కింద కాగితం తీసి, పుస్తకం పుట మూసినట్టు మెల్లగా దించాను. దించాక బొటనవేలితో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. ఈ టేపు ఒత్తిడితోనే పట్టుకుంటుంది.

వేడి కూడా ముఖ్యమే. ఈ టేపులకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య అతికిస్తే మేలని తయారుచేసేవాళ్ళు చెబుతారు. 10 డిగ్రీల కన్నా చలిగా ఉంటే జిగురు గట్టిపడి ఉపరితలంలోకి దిగదు. అందుకే ఇక్కడ ఈ పని వేసవిలో పెట్టుకోవాలి. మన బెజవాడలో చలి బాధ లేదు కానీ మే నెలలో ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాలుతుంది కాబట్టి తమ్ముడు ఆ పని నీడలో, పొద్దున పూట చేయాలి. అతికించిన 20 నిమిషాలకు టేపు సగం బలం, ఒక రోజుకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం అందుకుంటుంది. మూడు రోజులు బండి లోపల తడిగుడ్డ పెట్టవద్దని, బిళ్ళను గోకి చూడవద్దని గిరాకీకి వాడు ముందే చెప్పాలి. లోపలి ప్లాస్టిక్ చాలా చోట్ల పాలీప్రొపిలీన్, దానికి ఏ జిగురూ ఓ పట్టాన అంటదు. అక్కడ ముందు జిగురు పట్టేలా చేసే ప్రైమరు పూత పూసి ఆరనివ్వాలి. తోలు గీతల్లా గరుకుగా ఉన్న చోట టేపు ఎత్తుల మీదే నిలిచి పల్లాలను తాకదు కాబట్టి నున్నటి చోటే ఎంచుకోవాలి.

ఇలా రెండు బిళ్ళలు గట్టిగా నిలిచాయి. మూడోదాన్ని పక్క సీటు ముందున్న గ్లవ్ బాక్సు తలుపు మీద వేద్దామనుకున్నాను. వెడల్పైన, నున్నటి, ఖాళీ చోటు. కొలత తీసి, గీత కట్టి, చుక్క పరీక్ష కూడా చేసి, ఎందుకో ఒకసారి బండితో వచ్చిన పుస్తకం తెరిచాను. ఆ తలుపులోనే ఎయిర్‌బ్యాగ్, అంటే బండి గుద్దుకున్నప్పుడు ఉబ్బి కాపాడే సంచి, ఉందని అందులో ఉంది. మోకాళ్ళకు రక్షణగా ఫోర్డువాళ్ళు 2015 మస్టాంగ్‌లో ఆ తలుపు లోపలి పొరకు, బయటి పొరకు మధ్య పలచటి ప్లాస్టిక్ సంచి పెట్టారు. గుద్దుకున్నప్పుడు అది ఉబ్బి బయటి పలకను కూర్చున్నవారి మోకాళ్ళ వైపు నెడుతుంది. పక్క సీటులో కూర్చునేది మీ కోడలు. నేను ఒత్తి అతికించబోయిన గట్టి బిళ్ళ ఆమె మోకాళ్ళకు ఎదురుగా ఉండేది. మాస్కింగ్ టేపు తీసేసి చాలాసేపు బండిలోనే కూర్చుండిపోయాను.

నాన్నగారూ, స్టీరింగు మీది బిళ్ళల సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. స్టీరింగు మధ్యన మనం హారను కోసం నొక్కే మూత కింద ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. ఆ మూత లోపలివైపు కావాలనే పలచగా చేసిన గీతలు ఉంటాయి. సంచి ఉబ్బగానే మూత ఆ గీతల వెంట చీలి తలుపుల్లా తెరుచుకోవాలి. ఇదంతా ఒక సెకనులో ముప్పయ్యో వంతు, నలభయ్యో వంతు కాలంలో, రెప్ప వేసేలోగా జరిగిపోతుంది. కంపెనీ వేసిన గుర్తును ఆ మూతతో పాటే పరీక్షించి వేస్తారు. దాని మీద మనం అతికించిన లోహపు బిళ్ళను ఎవరూ పరీక్షించలేదు. ఆ క్షణంలో అది ఊడితే నేరుగా ముఖం మీదికే వస్తుంది. 2022లో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ ఇలాంటి రాళ్ళ బిళ్ళల గురించే జనాన్ని హెచ్చరించింది. ఒక ప్రమాదంలో స్టీరింగు మీది బిళ్ళ ఊడి ముఖానికి తగిలి, నడుపుతున్న మనిషికి ఒక కంటి చూపు పోయింది. కంటి చూపు విలువ ఈ ఏడాది మన ఇంట్లో అందరికీ తెలిసివచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మీరే గుర్తొచ్చారు.

మన దగ్గర పాత కార్లలో ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు కాబట్టి స్టీరింగు మీద ఏది అతికించినా చెల్లిపోయింది. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో డ్రైవరు వైపు, 2021లో ముందు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగును ప్రభుత్వం తప్పనిసరి చేసింది. అంటే ఇప్పుడు షాపుకు వచ్చే కొత్త బండి ప్రతిదానిలోనూ అవి ఉన్నట్టే. గిరాకీ ఎంత పట్టుబట్టినా తమ్ముడు మూత మీది అక్షరాలు చూపించి వద్దని చెప్పాలి. ఎస్.ఆర్.ఎస్. (ఎయిర్‌బ్యాగు ఏర్పాటుకు పొట్టిపేరు) అని గానీ ఎయిర్‌బ్యాగ్ అని గానీ రాసి ఉన్న మూత మీద ఏదీ అతికించకూడదు. దేవుడి విగ్రహాలు కూడా ఇందులోకే వస్తాయి. కొత్త బండి కొన్నవాళ్ళు వినాయకుణ్ణో వేంకటేశ్వరస్వామినో పక్క సీటుకు ఎదురుగా డాష్‌బోర్డు మీదే పెట్టమంటారు. చాలా బండ్లలో సరిగ్గా అక్కడే సంచి మూత ఉంటుంది. స్వామివారిని మధ్యన, మూతకు దూరంగా ప్రతిష్ఠించమని మీరు చెబితే ఎవరూ కాదనరు. తమ్ముడి మాట కన్నా మీ మాటకు అక్కడ విలువ ఎక్కువ.

వేయదగిన చోట్లు ఎన్నో ఉన్నాయి. డోరు కింది పట్టీలు, గేరు చుట్టూ ఉండే పలక, కప్పుల గుంతలు, డోరు పిడి దగ్గరి నున్నటి భాగం. తెప్పించేటప్పుడు ఉబ్బెత్తు పూత పాలీయురెథేన్‌దా అని అడగమనండి. ఎపాక్సీ పూత చవకే కానీ ఎండకు పసుపెక్కుతుంది. టేపు యాక్రిలిక్ నురగది కావాలి, రబ్బరు జిగురుదైతే మన ఎండకు మెత్తబడి జారుతుంది. గుంతలో అమర్చే బిళ్ళ గుంత కన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి. సరిగ్గా పట్టేటట్టు కోస్తే ఎండకు సాగి అంచు లేస్తుంది. ఎప్పుడైనా తీయాల్సి వస్తే బ్లేడు పెట్టవద్దు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి, నైలాన్ దారాన్ని బిళ్ళ వెనక రంపంలా లాగితే పలకకు గీత పడకుండా ఊడి వస్తుంది. మిగిలిన జిగురు బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. ఒక చుట్ట మంచి టేపు, నాలుగు రకాల నమూనా బిళ్ళలు ఈ వారంలోనే పార్శిల్ చేస్తున్నాను.

నాకు మీ నుంచి కావలసింది ఒకటుంది. గేరు పక్కన నల్లటి నున్నటి పలక మీద ఇంకా ఒక చోటు ఖాళీగా ఉంది, ఎయిర్‌బ్యాగుకు దూరంగా. అక్కడ కొన్న బిళ్ళ వేయాలని లేదు. లారీల తలుపుల మీద మీరు కొలత లేకుండా, గీత గీయకుండా బ్లేడుతో కోసిన గుర్రాలు ఈ రోజుకూ నా కళ్ళ ముందే ఉన్నాయి. షీటు కోసే యంత్రం, ప్లాటరు, వచ్చాక మీరు చేత్తో కోయడం మానేశారు. చూపు బాగుపడిందని డాక్టరుగారు చెప్పారు కాబట్టి, వీలున్న రోజు ఒక గుర్రం కోసి పంపండి. పొడవు 7 సెంటీమీటర్లు, ఎత్తు 3 సెంటీమీటర్లు మించకూడదు. రేడియం వద్దు, రాత్రిపూట దాని మెరుపు కంట్లో పడుతుంది. మెరుపు లేని ఎర్ర వినైల్ చాలు. తోక గాలిలో ఎగరాలి, ముఖం ఎడమవైపు ఉండాలి. పలచటి షీటే కాబట్టి దీన్ని మాత్రం మన పద్ధతిలోనే, షాంపూ నీళ్ళతో వేస్తాను.

అమ్మకు నా నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

ఇట్లు
మీ పెద్దబ్బాయి