బకాయి లేదన్నారు, ఇప్పుడు రుణమంటున్నారు

సంపాదకులకు,

గత నెల నేను చదివిన విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చింది. పూర్వ విద్యార్థుల విభాగం తరఫున మాట్లాడిన అమ్మాయి ‘మాతృసంస్థ రుణం తీర్చుకునే అవకాశం సార్, తోచినంత ఇవ్వండి’ అంది. 1991లో పట్టా చేతికిచ్చే ముందు ఇదే సంస్థ నన్ను గ్రంథాలయం, హాస్టలు, ఫీజుల విభాగం చుట్టూ రెండు రోజులు తిప్పి, ‘బకాయిలేమీ లేవు’ అని రాసిచ్చింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

డబ్బు ఇవ్వనని కాదు. ఆ ఫోనుకు కొన్ని వారాల ముందే ఆ ఊరు వెళ్లి, పాత మమకారం కొద్దీ గ్రంథాలయం మెట్లెక్కాను. గుమ్మంలో కాపలా అతను గుర్తింపు కార్డు అడిగాడు. ఇక్కడే చదివానన్నాను. ‘ఇప్పుడు చదవడం లేదు కదా సార్!’ అన్నాడు. అతని తప్పేం లేదు. రిజిస్టరులో విద్యార్థులకో గడి, అధ్యాపకులకో గడి ఉన్నాయి, నాలాంటివారికి లేదు. నా ఎంఫిల్ సిద్ధాంత వ్యాసం లోపల ఏ బీరువాలోనో ఉంది. నేను బయట, చెప్పుల దగ్గర.

ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ సంస్థ మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల తోడ్పాటు కూడా లెక్కకు వస్తుంది. మా నంబర్లు గుర్తుకొచ్చేది బహుశా అప్పుడే. మద్రాసు విశ్వవిద్యాలయ చట్టమైతే, నమోదైన పట్టభద్రులు విశ్వవిద్యాలయ వ్యవహారాలు చర్చించే సభ అయిన సెనేట్‌కు సభ్యులను ఎన్నుకునే వీలు కల్పించింది. నేను అంత దూరం పోవడం లేదు.

ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడ్డాయి. అలాంటి చోట్ల చదివి బయటికొచ్చిన లక్షల మందిలో విమానం దిగి, వేదికెక్కి చెక్కు ఇవ్వగలవారు ఏ కొందరో. మిగతావాళ్లం బళ్లలో, బ్యాంకుల్లో, మండల కార్యాలయాల్లో పనిచేసి రిటైరైనవాళ్లం. ఏడాదికింత అని రుసుము తీసుకుని మాకో కార్డు ఇస్తే విశ్వవిద్యాలయాలకు పోయేదేముంది? పుస్తకం ఇంటికివ్వక్కర్లేదు, కూర్చుని చదువుకోనిస్తే చాలు.

ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పాను. ఎంఏలో చేరినవారికి ఛందస్సు చెప్పమంటే సొంత ఖర్చులతో వస్తానని ఆ అమ్మాయితో అన్నాను. పాపం, శ్రద్ధగానే వింది. నా చిరునామా, చేసిన ఉద్యోగం, ఇవ్వగల మొత్తం రాసుకుంది. పాఠం చెబుతానన్న మాట రాసుకోవడానికి ఆమె ఫారంలోనూ గడి లేదట.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి